ఏడు సీట్ల స్కార్పియో ఇచ్చేసి 1.7 టన్నుల పికప్ తీసుకోవచ్చా?

చీనీతోట_గార్లదిన్నె
అన్నలకు నమస్కారం. మాది గార్లదిన్నె దగ్గర తొమ్మిదెకరాల చీనీ (బత్తాయి), మూడెకరాల టమోటా. చీనీ అనంతపురం యార్డుకు, టమోటా కక్కలపల్లి మండీకి పోతుంది. ప్రతిసారీ బాడుగ బండే. ఇంట్లో 2018 స్కార్పియో ఉంది. దాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి బొలెరో పికప్ 1.7 గానీ టాటా యోధా గానీ తీసుకుందామనుకుంటున్నాం. ఇంట్లో ఐదుగురం. సొంత కాయలే కాబట్టి తెల్ల నంబరు ప్లేటుతో తిప్పుకోవచ్చని ఒకరు, వెనక కమాన్‌కు (స్ప్రింగుకు) ఇంకో రెండు పట్టీలు ఎక్కిస్తే రెండున్నర టన్నులు లాగుతుందని ఇంకొకరు చెప్పారు. ఈ రెండూ నిజమేనా? లైసెన్సు కారు నడిపే మామూలు ఎల్‌ఎంవీ.

ఆర్సీ_పనులు_అనంత
తెల్ల ప్లేటు మాట తప్పు అన్నా. మోటారు వాహన చట్టంలో సరుకు బండి అంటేనే ట్రాన్స్‌పోర్ట్ వాహనం. కాయలు మీవా, పక్కోడివా అన్నది చూడరు. పసుపు ప్లేటే వస్తుంది. పర్మిట్ సంగతి వేరు: మొత్తం బరువు, అంటే జీవీడబ్ల్యూ, 3000 కేజీలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. 1.7 టన్నుల పికప్ ఆ గీత దాటేస్తుంది, పర్మిట్ తీసుకోవాలి. 1.3 టన్నుల రకాల్లో కొన్ని 3000 లోపలే ఉంటాయి, బుక్ చేసేముందు ఆ అంకె రాతపూర్వకంగా అడగండి.

ఫిట్‌నెస్ మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. మీ లైసెన్సు సరిపోతుంది: 7500 కేజీల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్‌ఎంవీ చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న చెప్పింది. పికప్‌లో ఉండే స్పీడ్ గవర్నర్ వేగాన్ని గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆపేస్తుంది, కాబట్టి బెంగళూరు ప్రయాణం స్కార్పియో లెక్కన వేసుకోకండి. పాత ఫాస్టాగ్ స్కార్పియోతోనే ముగిసిపోతుంది. వార్షిక టోల్ పాస్ కూడా సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే, పసుపు ప్లేటుకు రాదు.

ఇన్సూరెన్స్ దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో థర్డ్ పార్టీ ప్రీమియం 1500 సీసీ దాటిన కారుకు 7,897 రూపాయలు, 7500 కేజీల లోపు బాడుగ సరుకు బండికి 16,049, జీఎస్టీ కాకుండా. స్కార్పియో మీద వచ్చిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పికప్‌కు మారదు, ఒకే తరగతి బండికే మారుతుంది. అయినా ఆ బోనస్ ఉత్తరం రాయించి పెట్టుకోండి, మూడేళ్లలోపు మళ్లీ కారు కొంటే పనికొస్తుంది.

కమాన్_బెండు_పని
పట్టీల సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల బ్రేకులు పోతాయని చెప్పేవాళ్లు తక్కువ.

చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. దాని పైన ఉండేదే ఎల్‌ఎస్‌పీవీ అనే వాల్వు. లోడు పడి బాడీ కిందికి దిగితే కడ్డీ జరుగుతుంది, వెనక చక్రాలకు బ్రేకు ప్రెషర్ పెరుగుతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు ప్రెషర్ తగ్గిస్తుంది, లేకపోతే వానలో వెనక చక్రాలు లాక్ అయి బండి తిరిగిపోతుంది. మీరు రెండు పట్టీలు ఎక్కిస్తే రెండు టన్నులు వేసినా బాడీ దిగదు. వాల్వు మాత్రం బండి సగం ఖాళీ అనుకుంటుంది. వెనక బ్రేకు సరిగా పట్టదు, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడి అవి కాలిపోతాయి. ఎత్తు మారిన తర్వాత వాల్వు మళ్లీ సెట్ చేయకుండా బండి బయటికి పంపడం చాలా తప్పు.

పట్టీ బలం పెరిగినా యాక్సిల్ బేరింగు, క్లచ్ ప్లేటు, టైరు లోడ్ రేటింగు పెరగవు. హ్యాంగర్ బ్రాకెట్ దగ్గర ఛాసిస్ పగుళ్లు, సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరగడం, ఏప్రిల్, మే ఎండల్లో వెనక టైరు పేలడం, ఇవన్నీ ఓవర్‌లోడుతో వచ్చేవే. కంపెనీ కమాన్‌తోనే నడపండి. మొదటి రెండు మూడు లోడ్ల తర్వాత కమాన్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ-బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించుకోవాలి, కొత్త పట్టీలు సర్దుకునేటప్పుడు అవి వదులవుతాయి. కమాన్ చివర ఉండే షాకిల్ పిన్నులకు గ్రీజు మరవద్దు.

బరువు క్యాబిన్‌కూ వెనక యాక్సిల్‌కూ మధ్య పడాలి. టెయిల్ డోరు వైపు బరువు పెరిగితే ముందు చక్రాలు తేలిక పడతాయి, స్టీరింగు చేతికి ఆడినట్టుంటుంది.

మండీ_లోడు_తాడిపత్రి
1.7 అని బండి పక్కన రాసింది చూసి లోడు లెక్క వేయొద్దు. ఆర్సీలో జీవీడబ్ల్యూ నుంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే మీ లోడు, డ్రైవరు, పక్కన కూర్చున్నోళ్లు కూడా అందులోనే. ఇనుప కటకటాలు, పైన ఫ్రేము కట్టిస్తే ఆ బరువూ అందులోంచే పోతుంది. బాడీ పని అయ్యాక కాటాలో ఒకసారి ఖాళీ తూకం వేయించి చీటీ దగ్గర పెట్టుకోండి.

టమోటాకు: ఆ లెక్కలో 1700 కేజీలు వచ్చిందనుకుందాం, మనుషులకు 200 కేజీలు వదిలేస్తే 1500 మిగులుతుంది. 15 కేజీల కాయతో ప్లాస్టిక్ క్రేటు దాదాపు 17 కేజీలు. అంటే 88 క్రేట్లు. తొమ్మిదడుగుల బెడ్‌లో ఒక వరుసకు 20 పడతాయి, నాలుగు వరుసలు పేర్చితే 80. ఐదో వరుస జోలికి పోవద్దు. దారిలో పట్టుబడితే 2019 సవరణ ప్రకారం ఓవర్‌లోడుకు 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. ఎండలో దించిన టమోటా ఏమవుతుందో మీకు తెలుసు.

చీనీతోట_గార్లదిన్నె
చాలా సంతోషం అన్నా. పెళ్లికో, ఆస్పత్రికో పోవాలంటే ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని దగ్గర ఊళ్లకు పోవచ్చా? రెండు వరుసల సీట్లుండే బొలెరో క్యాంపర్ తీసుకుంటే?

ఆర్సీ_పనులు_అనంత
వెనక ఒక్కరిని కూడా ఎక్కించొద్దు. సరుకు బండిలో థర్డ్ పార్టీ పాలసీ వర్తించేది సరుకు యజమానికో, అతని ప్రతినిధికో, అదీ క్యాబిన్‌లో సీటు ఉంటేనే. చుట్టాలకు, కాయ కోసే కూలీలకు బెడ్‌లో ఏమైనా జరిగితే పరిహారం మీ ఆస్తి మీద పడుతుంది. లోడింగు కూలీలు క్యాబిన్‌లో వస్తారనుకుంటే అదనపు ప్రీమియం కట్టి ఎంతమందో పాలసీలో రాయించండి.

క్యాంపర్ మంచి ఆలోచనే. డ్రైవరుతో కలిపి ఐదు సీట్లు, వెనక దాదాపు టన్ను లోడు. యోధాలోనూ ఇలా రెండు వరుసల సీట్ల రకం, క్రూ క్యాబ్, ఉంది. రెండూ పసుపు ప్లేటే. తెల్ల ప్లేటు కావాలంటే ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటివి ఉన్నాయి, కానీ వాటి ధరకు, అవి మోసే బరువుకు తోట పని లెక్క కుదరదు. తొమ్మిదెకరాల చీనీ కోతకొచ్చినప్పుడు టన్ను బండి ఎన్ని ట్రిప్పులు వేయాలో చూసుకోండి. నా సలహా: కోత రోజులకు బాడుగ బండి, మిగతా ఏడాదికి క్యాంపర్.

పాతబండ్లు_కర్నూలు
స్కార్పియో ఇచ్చేటప్పుడు పాత బండి ధర, కొత్త బండి తగ్గింపు రెండూ విడివిడిగా కాగితం మీద రాయించండి. ఎక్స్‌ఛేంజ్ లేకుండా ఎంత తగ్గిస్తారో ముందే అడిగితే పాత బండికి నిజంగా ఎంత కట్టారో తేలుతుంది.

లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో ఆర్సీలో బ్యాంకు లోను నమోదు (హైపోథికేషన్) తీయించండి. చలానాలు కట్టేయండి. డీలరు ఆర్టీఓ అనుమతి ఉన్నవాడైతే బండి అప్పగించిన రోజే, అప్పగించినట్టు తెలిపే ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పెట్టించండి, అప్పటి నుంచి బాధ్యత అతనిది. అనుమతి లేనివాడైతే పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద కొన్నవాడి పేరు, తేదీ నింపకుండా సంతకం పెట్టొద్దు. ఆర్టీఓ రికార్డులో పేరు మారేదాకా ఆ బండి చేసే ప్రమాదానికి పరిహారం కట్టాల్సింది మీరే అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. రాష్ట్రంలోనే అమ్మితే అమ్మిన సంగతి 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. డెలివరీ చీటీలో తేదీతో పాటు గంట, కిలోమీటరు రీడింగు కూడా రాయించుకోండి.

చీనీతోట_గార్లదిన్నె
పట్టీల ఆలోచన మానుకున్నాం అన్నా. రేపు షోరూముకు పోయి క్యాంపర్ జీవీడబ్ల్యూ, ఖాళీ బరువు రెండూ రాయించుకొస్తా. అంకెలు ఇక్కడే పెడతా, చూసి చెప్పండి.