తెలుగు అక్షరాల టాటూ వేయించుకోవాలి, ఆర్టిస్టును ఎలా చూసుకోవాలి?

అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్తగా వచ్చాను. మణికట్టు లోపలివైపు, అమ్మ చేతిరాతలో ఉన్న చిన్న వాక్యం టాటూ వేయించుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. మంచి ఆర్టిస్టని ఎలా తెలుస్తుంది? ముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు:

చెల్లీ, ఇక్కడి ఆర్టిస్టుకు తెలుగు రాదు. నీ వాక్యం వాళ్లకు ఒక బొమ్మ. ఒత్తు జారినా, దీర్ఘం పోయినా పట్టుకోవాల్సింది నువ్వే. వాక్యాన్ని టైప్ చేసి పంపకు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు పేస్ట్ చేయగానే ఒత్తులు విడిపోతాయి, 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అవుతుంది. అమ్మ రాసిన కాగితాన్నే స్కాన్ చేసి ఇవ్వు. స్టెన్సిల్, అంటే వాక్యం గీతల అచ్చు, చేతి మీద అద్దాక, సూది తగలకముందే, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకో. ఫోటో తీసి ఇంట్లో ఒకరికి పంపి చదివించు. తేడా ఉంటే తుడిచేసి మళ్లీ అద్దమను, మొహమాటపడకు. మంచి ఆర్టిస్టు దానికి విసుక్కోరు.

అక్షరాలు మరీ చిన్నవి వద్దు. ఏళ్లు గడిచేకొద్దీ సిరా చర్మంలో కాస్త పాకుతుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలూ మెలికలే కదా, 'థ'లో చుక్క చుట్టూ ఉన్న ఖాళీ పూడిపోతే ఇక చదవలేం.

అప్పుడే వేసిన టాటూ ఫోటోలు ఎవరివైనా బాగానే ఉంటాయి. ఏడాది రెండేళ్లు దాటినవి అడుగు, అందులోనూ మన ఛాయ చర్మం మీద వేసినవి. సిరా లోపలి పొరలో ఉండి పై పొరలోని మెలనిన్ గుండా కనిపిస్తుంది కాబట్టి లేత రంగులు మనకు మసకబారినట్టుంటాయి, నలుపే బాగా తేలుతుంది. ముఖాలు అద్భుతంగా వేసేవారికి అక్షరాల గీత కుదరాలనేం లేదు, అది కూడా చూసుకో.

శుభ్రత దగ్గర మాత్రం సర్దుకుపోకు. సూది నీ ఎదుటే సీల్ ప్యాకెట్లోంచి రావాలి, సిరా నీ కోసమే విడిగా చిన్న కప్పులో పోయాలి, గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుంటే గ్లవ్స్ మార్చాలి. హెపటైటిస్ బి, సి వాడేసిన సూదులతో వస్తాయి. లైసెన్సు రూల్స్ ఊరికో రకంగా ఉంటాయి, నువ్వున్నచోట ఏమిటో కనుక్కో.

మరొకరి జవాబు:

అక్క చెప్పినవన్నీ నిజం. ఇంకో సంగతి, గాయాలు మానాక నీ చర్మం ఉబ్బెత్తుగా గడ్డకట్టే రకమైనా, షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే డాక్టర్ని అడుగు. మందు నీ అంతట నువ్వు ఆపకు. ముందురోజు మద్యం వద్దు. కడుపునిండా తిని వెళ్లు, ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. జ్వరంగా ఉంటే వాయిదా వేసుకో.

పైచర్మం మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు ఈత కొట్టకు, పొట్టు గిల్లకు. చాలా దేశాల్లో టాటూ తర్వాత కొన్ని నెలలు రక్తదానం చేయనివ్వరు, ఆ అలవాటుంటే ముందే ఇచ్చేసిరా. మణికట్టు మడతకు కాస్త పైన వేయించుకో, మడత మీద సిరా సరిగ్గా నిలవదు. వాచీ, గాజులు మానేదాకా రెండో చేతికి మార్చుకో.