పర్యావరణహిత ఇళ్లే కడతానంటే బిల్డర్‌గా బతకగలమా?

ప్రశ్న:
7 ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాను. ఇకమీదట కరెంటు తక్కువ తినే ఇళ్లే కట్టాలని ఉంది. కానీ వేడి, చలి లోపలికి రాకుండా గోడల్లో వేసే ఇన్సులేషన్ అనగానే కస్టమర్లు "గోడ లోపల ఉండేదేగా, ఎవరికి కనిపిస్తుంది" అని ఆ డబ్బు ఎలివేషన్‌కి పెట్టమంటారు. ఇప్పుడు కడుతున్న ఇంటి ఓనరైతే పైన సోలార్ పెట్టిస్తున్నాం కదా, ఇక మనది గ్రీన్ ఇల్లే అంటున్నారు. పడమర గోడంతా అద్దాలే మరి! ఈ లైన్‌లో ఎక్కువ కాలం నిలబడ్డవాళ్లు ఉంటే చెప్పండి, జనాన్ని ఎలా ఒప్పించారు?

జవాబు 1:
నాది 19 ఏళ్ల అనుభవం. మొదట్లో నేనూ భూమి, వాతావరణం అంటూ లెక్చర్లు ఇచ్చేవాణ్ణి. అందరూ బాగా తలూపి కాంట్రాక్టు వేరేవాళ్లకి ఇచ్చేవారు. ఇప్పుడు గ్రీన్ అన్న మాటే ఎత్తను. ఇప్పుడుంటున్న ఇంట్లో ఏ గదిలో నిద్ర పట్టడం లేదు, ఏ గోడకి చెమ్మ వస్తోంది అని అడుగుతాను, వాళ్లు చెప్పుకుంటూ పోతే మాట దానంతటదే ఇన్సులేషన్ దగ్గరికి వస్తుంది.

ఒక దెబ్బ కూడా చెప్పాలి. ఒక ఇంటిని గాలి చొరబడకుండా బిగించేసి, వెంటిలేషన్ దగ్గర ఖర్చు తగ్గించాను. మొదటి చలికాలంలోనే బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు. లోపలి తేమ పోయే దారే లేదు మరి. నా డబ్బుతోనే ఫ్యాన్లు పెట్టించాను, అయినా ఆ ఓనరు ఇప్పటికీ నా ఫోన్ ఎత్తరు.

జవాబు 2:
ఏసీ చల్లదనం సందుల్లోంచి బయటికి పోతోందా అని చూడటానికి నేను ఇళ్లకి గాలి లీకేజీ టెస్టులు చేస్తాను. మాటలతో ఒప్పించడం కన్నా కొలిచి చూపించండి. గుమ్మంలో పెద్ద ఫ్యాన్ బిగించి లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 50 పాస్కల్‌ల తేడా తెస్తాం, అప్పుడు అగరొత్తి పట్టుకుని తిరిగితే స్విచ్ బోర్డు దగ్గరా కిటికీ ఫ్రేము మూలల్లోనూ పొగ వంకర పోతుంది. ఓనర్ల మొహాలు చూడాలి అప్పుడు! పాసివ్ హౌస్ అంటే చాలా తక్కువ కరెంటుతో లోపల వేడి, చలి అదుపులో ఉండేలా కట్టే ఇల్లు, ఆ ప్రమాణంలో ఈ ఒత్తిడి దగ్గర గంటకి ఇంటి గాలిలో 0.6 వంతుకి మించి మారకూడదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో జనం కాపురానికి దిగిన మొదటి పాసివ్ హౌస్ ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది, కాబట్టి ఇదేదో నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. ఫినిషింగ్‌కి ముందే టెస్ట్ చేయించండి, తర్వాత లీకు దొరికినా గోడ పగలగొట్టాల్సిందే.

జవాబు 3:
అందరూ కరెంటు గురించే మాట్లాడుతున్నారు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం సిమెంట్ తయారీదే. ఎవరూ వాడని రెండు గెస్ట్ రూములు కట్టి వాటికి ఇన్సులేషన్ వేస్తే ఏం ఒరిగింది? అసలు చిన్న ఇల్లు కట్టుకోమని చెప్పే బిల్డర్ ఉన్నాడా? అడుగుల లెక్కన డబ్బు తీసుకుంటున్నంత కాలం మీరు చెప్పరు.

ప్రశ్న అడిగినవారు:
చివరి మాట గట్టిగానే తగిలింది, నేనూ అడుగుల లెక్కనే తీసుకుంటాను. టెస్ట్ సంగతి కనుక్కుంటాను. ఆ పడమర అద్దాలు ఇంకా సైట్‌కి రాలేదు, సజ్జ పొడవు పెంచితే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. సాయంత్రం ఎండ వాలుగా వస్తుంది, సజ్జ ఎంత పెంచినా కిందనుంచి దూరుతుంది. ఆర్డర్ ఆపించి అద్దం సైజు తగ్గించండి, ఒప్పుకోకపోతే బయటివైపు షట్టర్ అడగండి. కర్టెన్ వేసుకుంటాం అంటారు చూడండి, అప్పటికే వేడి లోపలికి వచ్చేసి ఉంటుంది.