అప్‌డేట్: నాన్న నోరు విప్పారు

కేవైసీ అంటూ ఫోన్ వస్తే నాన్న ఓటీపీ చెప్పేసి 40 వేలు పోగొట్టుకున్నారని, అప్పటి నుంచి సరిగా అన్నం కూడా తినడం లేదని పోయిన వారం రాశాను. "ముందు తిట్టడం ఆపండి" అన్నవాళ్లందరికీ దండాలు.

ఆ రాత్రే పక్కన కూర్చుని, "చదువుకున్నవాళ్లే మోసపోతున్నారు, మీరొక్కరే కాదు నాన్నా" అన్నాను. చాలాసేపు మౌనం. తర్వాత మెల్లగా, ఇంకో 10 వేలు కూడా పోయాయని, భయపడి చెప్పలేదని అన్నారు. మొదటిరోజు నేను అరవకపోతే అప్పుడే చెప్పేవారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే బ్యాంకు ఆ డబ్బు ఆపే అవకాశం ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇద్దరం కలిసి ఫిర్యాదు పెట్టాం. డబ్బు ఇంకా రాలేదు. నిన్న మాత్రం అమ్మను అడిగి మరీ పెరుగు వేయించుకున్నారు.