అప్‌డేట్: ఎంత ప్రార్థించినా సరిపోవట్లేదని అడిగింది నేనే

పోయిన నెల అడిగాను: తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన, శుక్రవారం ఉపవాసం, సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు, చర్చి క్వయర్‌లో పాటలు, ఇన్ని చేస్తున్నా దేవుడికి నా మీద అసంతృప్తే అనిపిస్తోంది, ఇంకా ఏం చేయాలి అని.

"ఇంకేమీ చేయకండి, బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం చదవండి" అని ఒకరు రాశారు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. అయినా చదివాను. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, చెట్టు కింద కూర్చుని ప్రాణం తీసేయమంటాడు. దేవదూత వచ్చి మందలించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపిందీ తిండికే! ఇన్నేళ్లు పిల్లలకు ఆ కథ చెప్పాను, ఆ నిద్ర భాగం మాత్రం ఎప్పుడూ దాటేసేదాన్ని.

పాస్టరమ్మగారితో మాట్లాడి క్వయర్ మానేశాను. "ముందు కంటినిండా నిద్రపోమ్మా" అన్నారు. ఉపవాసం మానేసిన మొదటి శుక్రవారం పప్పన్నం దొంగతనంగా తిన్నట్టే తిన్నాను. ఇప్పుడు ప్రార్థన పది నిమిషాలే, అదీ టీ తాగుతూ. టెన్షన్ పూర్తిగా పోలేదు. అలారం తీసేసినా నాలుగింటికి మెలకువ వచ్చేస్తోంది. "ప్రభువా, నువ్వు మేలుకునే ఉన్నావుగా" అనుకుని దుప్పటి కప్పుకుంటున్నాను.