ఉపగ్రహ ఆడియో రిసీవర్‌లో ఏయే సౌకర్యాలు చూడాలి?

ప్రశ్న: మా రేడియో కేంద్రానికి ఉపగ్రహం ద్వారా వచ్చే కార్యక్రమాలను అందుకోవడానికి రిసీవర్ కొనబోతున్నాము. ఇంట్లో వాడే సెట్ టాప్ బాక్సుతో పోలిస్తే వృత్తిపరమైన పరికరంలో అదనంగా ఏముంటుందో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు 1: డిష్ మీది ఎల్‌ఎన్‌బి (ఉపగ్రహ సంకేతాన్ని తక్కువ పౌనఃపున్యానికి మార్చి పంపే భాగం) నుంచి 950–2150 మెగాహెర్ట్జ్ పరిధిలో వచ్చే సంకేతాన్నే రెండూ అందుకుంటాయి. అయితే వృత్తిపరమైన రిసీవర్‌లో బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ (కేబులులో చేరే విద్యుత్ అలజడిని రద్దుచేసే ఆడియో కనెక్షన్) ఉంటుంది కాబట్టి, పొడవైన కేబుళ్లు వాడినా ధ్వనిలో హమ్ (విద్యుత్ రొద) చాలా తక్కువగా చేరుతుంది. నా దృష్టిలో అంతకన్నా విలువైనవి రిలే అవుట్‌పుట్లు, అంటే ఇతర పరికరాలకు సూచన పంపే స్విచ్ లాంటి కనెక్షన్లు. ప్రధాన కేంద్రం ధ్వనితో పాటు పంపే ఆదేశాన్ని గుర్తించి, స్థానిక ప్రకటనలను సరిగ్గా ఆ క్షణంలోనే మొదలుపెట్టమని మీ ఆటోమేషన్ వ్యవస్థకు అవే సూచిస్తాయి. ఇవి లేని పరికరాన్ని దయచేసి కొనవద్దు.

జవాబు 2: పై మాటతో ఏకీభవిస్తూ, ప్రత్యామ్నాయ మార్గం గురించి కూడా అడగమంటాను. భారీ వర్షంలో, ముఖ్యంగా కేయూ బ్యాండు అనే అధిక పౌనఃపున్యాల శ్రేణిలో, సంకేతం బలహీనపడుతుంది. మార్చి, సెప్టెంబరు విషువత్తుల (పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉండే రోజుల) సమీపంలో సూర్యుడు ఉపగ్రహానికి సరిగ్గా వెనుకకు వచ్చినప్పుడు కొన్ని నిమిషాలు పూర్తిగా ఆగిపోవచ్చు. అటువంటప్పుడు నిశ్శబ్దాన్ని పసిగట్టి, ఇంటర్నెట్ స్ట్రీముకో, లోపల భద్రపరచిన ఫైలుకో తనంతట తానే మారే రిసీవర్ ఉంటే ప్రసారానికి అంతరాయం కలగదు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు. పాత డీవీబీ-ఎస్ (ఉపగ్రహ డిజిటల్ ప్రసార ప్రమాణం) రిసీవర్ ఒకటి తక్కువ ధరకు దొరుకుతోంది, సరిపోతుందా?

జవాబు 1: కార్యక్రమాలు దాని తరువాత వచ్చిన డీవీబీ-ఎస్2 పద్ధతిలో వస్తుంటే అది వాటిని అందుకోలేదు. ముందుగా ప్రసారకర్తను మాడ్యులేషన్ (సమాచారాన్ని తరంగంపై మోపే పద్ధతి), ఆడియో కోడెక్ (ధ్వనిని కుదించే పద్ధతి), ఎన్‌క్రిప్షన్ (ఇతరులు వినకుండా సంకేతానికి వేసే తాళం) వివరాలు అడిగి తెలుసుకోండి.