రావ్4 ప్రైమ్: 60 మైళ్ల కమ్యూట్‌లో బ్యాటరీ ఎక్కడ ఖర్చు పెట్టాలి?

ఎడిసన్_కారు
అందరికీ నమస్తే. నాది టొయోటా రావ్4 ప్రైమ్, ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే పెట్రోలు హైబ్రిడ్. ఆఫీసుకి ఒకవైపు 30 మైళ్లు: ఇంటి దగ్గర 5, ఆఫీసు దగ్గర 5 సిగ్నళ్ల రోడ్లు, మధ్యలో 20 హైవే. పొద్దున ఈవీ మోడ్‌లో (బ్యాటరీ మీదే) బయల్దేరి బ్యాటరీ అయిపోయేదాకా నడుపుతున్నాను. సాయంత్రం ఇంటి దగ్గర సిగ్నళ్లకి వచ్చేసరికి చార్జ్ ఉండదు. హైవే మీద చార్జ్ మోడ్ పెట్టి, ఇంజిన్‌తోనే బ్యాటరీ నింపుకోమంటున్నారు కొందరు. లాభమేనా?

గోదారోడు_డాలస్
చార్జ్ మోడ్ వద్దండి. పెట్రోలు కాల్చి కరెంటు చేసి, దాన్ని బ్యాటరీలో దాచి, మళ్లీ మోటారుకి పంపితే ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది.

ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్కలో ఈ కారు ఈవీ రేంజ్ 42 మైళ్లు. మీకు కావాల్సింది 60. 18 మైళ్లు తక్కువపడుతుంది కాబట్టి, సాయంత్రం హైవే 20 మైళ్లనీ ఒకే ముక్కగా హెచ్‌వీలో (ఇంజిన్ కూడా పనిచేసే హైబ్రిడ్ మోడ్) నడపండి. పొద్దున మొత్తం ఈవీ. సాయంత్రం ఆఫీసు దగ్గర 5 మైళ్లు ఈవీ, ర్యాంప్ ఎక్కేముందు హెచ్‌వీ, దిగగానే మళ్లీ ఈవీ. గ్యాలన్‌కి 38 మైళ్ల చొప్పున అరగ్యాలన్ పైచిలుకు అవుతుంది.

ఒకే ముక్క అని ఎందుకంటున్నానంటే, చల్లటి ఇంజిన్ మొదటి కొద్ది నిమిషాలూ తననీ, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ వేడి చేసుకోడానికే పెట్రోలు తాగుతుంది. రెండు మైళ్లకోసారి మోడ్ మారిస్తే ఆ ఖర్చుకి ఫలితం దక్కదు. పొద్దున గంటకి 70 మైళ్లలో వెళ్తే గాలి అడ్డుకోవడం వల్ల రేంజ్ గబగబా పడిపోయి సాయంత్రానికి చాలదు, 65 దాటకండి.

వోల్ట్‌మీటర్
పై ప్లాన్ చలికాలంలో యథాతథంగా నడవదు. ముందు అద్దం డీఫ్రాస్ట్ నొక్కితే ఈవీ మోడ్‌లో ఉన్నా ఇంజిన్ లేవచ్చు. సుమారు 14 డిగ్రీల ఫారన్‌హీట్ కిందైతే హీటర్ కోసం లేస్తుంది. కాబట్టి ప్లగ్ తీయకముందే క్యాబిన్, అద్దాలు వేడి చేసేయండి. దారిలో సీట్ హీటర్ వాడి క్యాబిన్ టెంపరేచర్ కాస్త తగ్గించుకోండి. ఎలాగూ ఇంజిన్ లేచిన రోజు హెచ్‌వీ ముక్కని అప్పుడే కానిచ్చేయండి, వేడి వృథా పోదు.

వాతావరణం పది ఫారన్‌హీట్ డిగ్రీలు చల్లబడితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెకి, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు నింపండి.

బ్రేకు సంగతి: సిగ్నల్ దూరంగా కనబడగానే మెల్లగా నొక్కితే మీటరు చార్జ్ భాగంలోనే ఉంటుంది, అంటే కారు వేగం తగ్గే శక్తి బ్యాటరీకి చేరుతుంది. ఆఖర్లో గట్టిగా తొక్కితే ఆ శక్తి బ్రేకు ప్యాడ్ల వేడిగా పోతుంది.

ఎడిసన్_కారు
థాంక్సండి. ఆఫీసు పార్కింగ్‌లో మామూలు 120 వోల్టుల ప్లగ్ ఉంది, పనికొస్తుందా?

గోదారోడు_డాలస్
బ్రహ్మాండంగా! ఖాళీ బ్యాటరీకి దాంతో 12 గంటలు పడుతుంది, ఎనిమిది గంటల్లో మూడింట రెండొంతులు ఎక్కుతుంది. అంటే దాదాపు 28 మైళ్లు, పెట్రోలు అక్కర్లేదు. ముందు ఆఫీసువాళ్లని అడగండి, ఎక్స్‌టెన్షన్ తీగ మాత్రం వాడకండి, వేడెక్కుతుంది.

ఇంటి కరెంటు రేటు కూడా చూసుకోండి. 100 మైళ్లకి ఈవీలో 36 యూనిట్లు, లేదా హెచ్‌వీలో 2.63 గ్యాలన్లు. గ్యాలన్ 3.50 డాలర్లుంటే యూనిట్ సుమారు 25.6 సెంట్లు దాటాక హెచ్‌వీయే చవక. రాత్రి రేటు తక్కువుంటే టైమర్ పెట్టి అప్పుడే చార్జ్ చేయండి.