ఇస్సాకుకు లేని విభక్తి యేసుకు ఎలా వచ్చింది?

ప్రశ్న (గుణుపురం నుండి):
పెద్దలకు నమస్కారం. మా తెలుగు సంఘంలో ఆదివారం పాఠం చెప్పే నేను ఈమధ్యే గ్రీకు అక్షరాలు నేర్చుకొని మత్తయి సువార్త తెరిచాను. ‘అబ్రాహాము ఇస్సాకును కనెను’ అన్న మన వాక్యంలో ‘ను’ ఉండడం వల్ల ఎవరు ఎవరిని కన్నదీ తెలుస్తుంది. గ్రీకులో ‘అబ్రాఆమ్ ఎగెన్నేసెన్ తొన్ ఇసాఆక్’ అని ఉంది. ఇస్సాకు పేరు ఏమీ మారలేదు. యేసు పేరు మాత్రం యేసూస్, యేసూన్, యేసూ అని మారుతోంది. ఎందుకు? రూపం మారితే అర్థమూ మారుతుందా?

జవాబు (పర్లాకిమిడి నుండి):
మాస్టారూ, ఇస్సాకు ముందున్న ‘తొన్’ను చూడండి, ద్వితీయా విభక్తి అందులోనే ఉంది. గ్రీకు మాటలు సాధారణంగా అచ్చుతో గానీ, న్, ర్, స్ లతో గానీ ముగుస్తాయి కనుక క్, బ్, ద్ లతో ముగిసే హెబ్రీ పేర్లను చాలాచోట్ల ఉన్నవి ఉన్నట్టే ఉంచి, విభక్తి భారాన్ని ఉపపదం (పేరు ముందు వచ్చే ‘తొన్’ వంటి చిన్న మాట) మీద వేశారు. లూకా 3వ అధ్యాయపు వంశావళిలో పేరుపేరుకీ ముందు వచ్చే ‘తూ’ మన ‘యొక్క’ వంటిది. మనవాళ్లు దావీద్‌ను దావీదు, యాకోబ్‌ను యాకోబు చేసుకున్నారు కనుక మనకు ఆ ఇబ్బంది లేదు. గ్రీకులోనూ అలా చేసిన పేర్లున్నాయి: ఇస్సాకు కొడుకైన పితరుడు ‘ఇయాకోబ్’గానే మిగిలాడు, యేసు శిష్యుడైన అపొస్తలుడు ‘ఇయాకోబొస్’ అయి విభక్తులన్నీ పొందాడు. మన బైబిలులో ఇద్దరూ యాకోబులే కావడంతో ఈ తేడా మన కంటపడదు.

జవాబు (బరంపురం నుండి):
అర్థం సంగతి నేను చెబుతాను. యేషూఅ అన్న హెబ్రీ పేరులోని ‘ష’ గ్రీకులో లేదు కనుక ‘స’ అయింది. చివరి కంఠ్యధ్వని పోయింది. ప్రథమా విభక్తికి ‘స్’ చేరింది. అర్థం మారలేదు గానీ, రక్షణను తెలిపే హెబ్రీ ధాతువు గ్రీకు చెవికి వినిపించకుండా పోయింది. అందుకే మత్తయి 1:21లో ‘రక్షించును గనుక యేసు అను పేరు’ అన్న కార్యకారణ సంబంధం హెబ్రీ తెలిసినవారికే తేటగా కనబడుతుంది. రెండు వచనాల తరువాత ఇమ్మానుయేలుకు అర్థం విప్పి చెప్పిన మత్తయి ఇక్కడ చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. హెబ్రీయులకు 4:8లో మనం ‘యెహోషువ’ అని చదివేదీ గ్రీకులో ఇదే పేరు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ‘యేసూ’ అన్న ఒక్క రూపమే షష్ఠికీ, చతుర్థికీ, సంబోధనకూ వస్తోంది. అక్కడా ఉపపదాన్నే చూడాలా?

జవాబు (పర్లాకిమిడి నుండి):
అవును, ఉపపదం ఉన్నచోట అదే చెబుతుంది, లేనిచోట వాక్యాన్ని బట్టి తేల్చుకోవాలి. వీలైతే అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం కూడా చూడండి: కథ చెప్పేటప్పుడు సౌలు (పౌలుకే మరో పేరు) పేరును ‘సౌలొస్’ అని గ్రీకు రూపంలో రాసిన రచయిత, ఆకాశం నుండి వచ్చిన స్వరం పిలిచినప్పుడు మాత్రం ‘సఊల్, సఊల్’ అని హెబ్రీ రూపాన్నే ఉంచాడు. ఆ స్వరం హెబ్రీ భాషలో పలికిందని 26:14లో పౌలే చెబుతాడు.